చెరిగిపోని ముగ్గు

కంగ్టిలో పొద్దు పొడవకముందే ఆడవాళ్ళు లేస్తారు. వాకిలి ఊడుస్తారు. సాన్పి చల్లుతారు. ఆ తడి మీద ముగ్గు వేస్తారు. పిండి వేళ్ళ సందున సన్నగా జారుతుంది. గీత ఎక్కడా తెగదు. చూస్తుండగానే వాకిట్లో తామర పువ్వు విచ్చుకుంటుంది.

పొద్దెక్కుతుంది. మేకలు దాని మీద నుంచి నడుస్తాయి. పిల్లలు తొక్కుతారు. మోటారు సైకిలు పోతుంది. మధ్యాహ్నానికి పువ్వు ఉండదు. మరునాడు మళ్ళీ ఊడుపు, మళ్ళీ సాన్పి, మళ్ళీ ముగ్గు.

పదేళ్ళ వయసులో ముగ్గు పట్టిన ఆడమనిషి నలభై ఏళ్ళు వచ్చేసరికి ఎన్ని ముగ్గులు వేసి ఉంటుంది? లెక్క చూడండి. ఏడాదికి 365 రోజులు. ముప్పై ఏళ్ళకు 365 × 30 = 10,950. ఊరికి పోయిన రోజులు, జ్వరం వచ్చిన రోజులు, పురిటి రోజులు తీసేయండి. అయినా ఎనిమిది వేలకు తక్కువ కావు. పట్నంలో బొమ్మల కాలేజీ చదువు నాలుగేళ్ళు. నాలుగేళ్ళంటే 1,460 రోజులే.

అయినా ఆమెను అడగండి, "నీకు బొమ్మలు వచ్చునా?" అని.

"నాకేం వస్తయమ్మా. నేను చదువుకున్నదాన్నా?" అంటుంది.

చదువుకూ బొమ్మకూ సంబంధం ఉంది. కానీ ఆమె అనుకున్న సంబంధం కాదు. ఆ సంగతి ముందు ముందు చూద్దాం.

చుక్కల లెక్క

ఏడు చుక్కల ముగ్గు అందరికీ తెలుసు. నడుమ వరుసలో ఏడు చుక్కలు. దాని పైన సందు చుక్కలు ఆరు. ఆ పైన అయిదు. ఆ పైన నాలుగు. కింద కూడా అంతే. మొత్తం ఎన్ని?

4 + 5 + 6 + 7 + 6 + 5 + 4 = 37.

ఈ ముగ్గు వేసే ఆమె 37 అని లెక్క పెట్టదు. కానీ ఒక్క చుక్క తప్పినా ఆమె కంటికి తెలిసిపోతుంది. ఎడమ పక్క ఎంత ఉందో కుడి పక్క అంత ఉండాలని ఆమెకు ఎవరూ నల్లబల్ల మీద రాసి చెప్పలేదు. దూరం కొలవడం, పక్కలు సమానం చేయడం, గీతను తెగకుండా తిప్పడం. బొమ్మలు గీసేవాళ్ళు ముందుగా నేర్చుకునేవి ఇవే.

కంగ్టి కర్ణాటక సరిహద్దున ఉన్న మండలం. ఇక్కడి ఆడవాళ్ళు తెలుగు మాట్లాడతారు. కన్నడం, మరాఠీ అర్థం చేసుకుంటారు. కొందరు ముగ్గు అంటారు. కొందరు రంగోళి అంటారు. తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు బట్ట మీద అద్దాలు, గవ్వలు, రంగు దారాలు పెట్టి కుడతారు. పండుగ వస్తే గోడకు సున్నం, అరుగుకు జాజు, గడపకు పసుపు. బతుకమ్మకు ఏ పూవు పక్కన ఏ పూవు పేర్చాలో చిన్నపిల్లకు కూడా తెలుసు. పసుపు తంగేడు పక్కన తెల్ల గునుగు పెడితే రెండూ మెరుస్తాయి. ఇదంతా రంగుల చదువే.

లేనివి రెండే. ఒకటి, మర్నాటికి నిలిచే కాగితం. రెండు, తీరిక.

తీరిక ఎక్కడుంది?

కాగితం కొనవచ్చు. తీరిక కొనలేం. చదువు కేంద్రంలో బొమ్మల మాట ఎత్తితే ఇద్దరు వదినా మరదళ్ళు ఇట్లా మాట్లాడుకుంటారు:

"నీ చెయ్యి మంచిగ తిరుగుతది వదినె. కాగితం మీద గియ్యరాదు?"

"యాళ్ళ యాడిది చెల్లె? పొద్దుగాల లేస్తే రొట్టెలు కొట్టుడు. బోళ్ళు తోముడు. పిలగాండ్లను బడికి తోలుడు. తర్వాత చేనుకు పోవుడు. వచ్చినంక మల్ల పొయ్యి కాడ్నే."

"మా అన్న ఏం జేస్తడు?"

"చేన్ల పనిజేస్తడు. ఇంటికొచ్చినంక టీవీ ముందట కూసుంటడు."

"నువ్వు చేన్ల పనిజెయ్యవా?"

వదినె నవ్వింది. జవాబు చెప్పలేదు.

జవాబు లెక్కల్లో ఉంది. 2024లో ప్రభుత్వం దేశమంతా ఒక సర్వే చేసింది. మనుషులు రోజులో ఏ పనికి ఎంత సేపు పెడతారని ఇంటింటా అడిగారు. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే 4 గంటల 49 నిమిషాలు. ఇంటి పని చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. అంటే 1 గంట 28 నిమిషాలు. ఇది ఎంతో కొంత ఇంటి పని చేసే మగవాళ్ళ లెక్క మాత్రమే. పొయ్యి మొహం చూడని మగవాళ్ళు ఇందులో లేరు. పిల్లలను, ముసలివాళ్ళను చూసుకునే పని దీనికి వేరే.

289లో నుంచి 88 తీసేస్తే 201. తీరిక అక్కడ ఉంది. అది పోలేదు. ఇంకొకరి దగ్గర ఉంది.

కాబట్టి నిద్ర తగ్గించుకుని బొమ్మ గీయమని ఎవరైనా చెబితే వినవద్దు. పొద్దంతా వంగి పనిచేసిన నడుముకు నిద్ర కావాలి. అరగంట కావాలంటే ఇంట్లో ఒక పని ఇంకొకరి చేతికి పోవాలి. పెద్ద పని కాకపోయినా సరే. రాత్రి బోళ్ళు తోమే పని కొడుకుకు అప్పగించిన ఇల్లు కూడా ఉంటుంది. పదమూడేళ్ళ కొడుకు పళ్ళెం కడిగితే వాడి చేతులు అరిగిపోవు.

ఇప్పుడు ఇంకో లెక్క. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. 30 × 3 = 90 నిమిషాలు. ఏడాదికి 52 వారాలు. కానీ పత్తి తీసే రోజుల్లో బొమ్మ మాట ఎత్తితే ఎవరైనా కసురుకుంటారు. ఆ మూడు నెలలు వదిలేయండి. 39 వారాలు మిగిలాయి. 90 × 39 = 3,510 నిమిషాలు. అంటే 58 గంటల 30 నిమిషాలు. ఒక మనిషి చెయ్యి మారడానికి ఇది చిన్న కాలం కాదు.

చెరుకు కొట్టడానికి కర్ణాటక, మహారాష్ట్ర పోయే తండా కుటుంబాలకు ఈ లెక్క కుదరదు. నెలల తరబడి చెరుకు తోటల పక్కన గుడిసెల్లో ఉండేవాళ్ళకు వారానికి మూడు రోజుల తీరిక అని చెప్పడం నవ్వులాట. వాళ్ళకు ఊళ్ళో ఉండే ఎండాకాలం మధ్యాహ్నాలే దిక్కు.

అరగంట దొరికినా అందులో సగం వెతుకులాటకే పోతుంది. పెన్సిలు ఎక్కడ? కాగితం ఎక్కడ? రంగు ఎండిపోయిందా? అందుకని అన్నీ ఒక రేకు డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బా పిల్లలకు అందకుండా ఉట్టి మీదో, అటక మీదో ఉండాలి. డబ్బా దించితే పని మొదలు. డబ్బా ఎక్కిస్తే పని బందు. కంచంలో చెయ్యి కడిగినంత తేలిక కావాలి. లేకపోతే నాలుగు రోజులకే విసుగు పుడుతుంది.

రాంటీ ఊరి దులారీ దేవి

"మనసొంటోళ్ళు ఎవరన్న బొమ్మలు గీసిండ్రా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. గీశారు. ఒకామె కథ వినండి.

బీహార్ రాష్ట్రంలో మధుబని అనే జిల్లా ఉంది. అక్కడి ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు, పండుగలకు మట్టి గోడల మీద బొమ్మలు వేసేవారు. మన ముగ్గులాగే అది తల్లి నుంచి బిడ్డకు వచ్చిన విద్య. 1966, 1967లలో బీహార్‌లో పెద్ద కరువు వచ్చింది. అప్పుడు ప్రభుత్వం వారు ఆ ఆడవాళ్ళకు కాగితాలు ఇచ్చారు. "గోడ మీద వేసే బొమ్మలు దీని మీద వేయండి. మేము కొంటాం" అన్నారు. గోడ మీది బొమ్మ ఊరు దాటదు. కాగితం మీది బొమ్మ ఢిల్లీ పోయింది. సముద్రం కూడా దాటింది.

ఆ జిల్లాలో రాంటీ అనే ఊరు. అక్కడ దులారీ దేవి పుట్టింది. చేపలు పట్టే మల్లా కులం. ఇంట్లో లేమి. బడికి పోలేదు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే పెళ్ళి చేశారు. బిడ్డ పుట్టి పసితనంలోనే చనిపోయింది. కొన్నేళ్ళకు ఆమె పుట్టింటికి తిరిగి వచ్చింది. ఇళ్ళల్లో పాచిపనికి కుదిరింది. ఊడవడం, తుడవడం, అంట్లు తోమడం.

ఆమె పనిచేసిన ఇంట్లో మహాసుందరి దేవి, కర్పూరి దేవి ఉండేవారు. ఇద్దరూ పేరున్న చిత్రకారులు. దులారీ ఇల్లు ఊడుస్తూ వాళ్ళ చేతుల వైపు చూసేది. పని అయ్యాక తన ఇంటికి పోయి, అలికిన నేల మీద పుల్లతో గీసేది. కాగితం లేదు. రంగు లేదు. నేల ఉంది, పుల్ల ఉంది. కొన్నాళ్ళకు తానే నోరు తెరిచి నేర్పమని అడిగింది. వాళ్ళు నేర్పారు.

ఇక్కడ ఒక్క మాట. చూడడం వల్ల సగం వచ్చింది. అడగడం వల్ల మిగతా సగం వచ్చింది. చాలామంది ఆడవాళ్ళు చూసే దగ్గరే ఆగిపోతారు. అడగడానికి నోరు రాదు. "ఏమనుకుంటారో" అని.

దులారీ దేవి దేవుళ్ళ బొమ్మలే కాదు, తన బతుకును కూడా గీసింది. చేపలు, చెరువు, పొలం పనులు, పాచిపని. చెన్నైలోని తారా బుక్స్ వారు ఆమె కథను ఆమె బొమ్మలతోనే పుస్తకంగా వేశారు. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 2025 ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పార్లమెంటులో బడ్జెట్టు చదివారు. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర దులారీ దేవి బహుమతిగా ఇచ్చినది. దాని మీద చేపలున్నాయి. టీవీలో లక్షల మంది చూశారు.

పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలు ఆమె గురించి ఒక సంగతి రాశాయి. ఆమెకు చదువు పెద్దగా రాదు. సంతకం చేయడం, ఊరి పేరు రాయడం వచ్చు. ఆ రెండూ చాలు, బొమ్మ ఎవరిదో, ఏ ఊరిదో చెప్పడానికి. చదువుకూ బొమ్మకూ ఉన్న సంబంధం ఇదీ. ముగ్గు కింద ఎవరూ పేరు రాయరు. కాగితం మీది బొమ్మ కింద రాయవచ్చు. వేలిముద్ర వేసిన చెయ్యి ఇప్పుడు పేరు రాయగలదు కదా.

వయసు దాటిపోయిందా?

మధ్యప్రదేశ్‌లో ఉమరియా జిల్లా, లోఢా అనే ఊరు. అక్కడ జోధయ్యా బాయి అనే బైగా గిరిజన స్త్రీ ఉండేది. భర్త చనిపోయాడు. కట్టెలు అమ్మి, కూలి చేసి పిల్లలను సాకింది. ఆ ఊళ్ళో ఆశిష్ స్వామి అనే చిత్రకారుడు బొమ్మలు నేర్పే చోటు ఒకటి పెట్టాడు. జోధయ్యా బాయి అక్కడ కుంచె పట్టేనాటికి ఆమె వయసు డెబ్బైకి దగ్గర. అడవి, పులి, చెట్లు, తమ దేవుళ్ళు గీసింది. ఆమె బొమ్మలను ఇటలీ దేశంలో కూడా చూపించారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. 2024 డిసెంబరులో చనిపోయింది.

అమెరికాలో ఇంకొక ముసలమ్మ. పేరు అన్నా మేరీ మోజెస్. రైతు భార్య. పిల్లలు, పాలు, వెన్న తీయడం, ఇదే బతుకు. ఆమె దారంతో బట్ట మీద బొమ్మలు కుట్టేది. మన తండా అక్కల వలెనే. ముసలితనంలో కీళ్ళ నొప్పులు వచ్చాయి. సూది పట్టలేకపోయింది. సూది సన్నం, కుంచె లావు. కుంచె పట్టుకుంది. అప్పటికి డెబ్బై అయిదు దాటింది. 1938లో ఆమె బొమ్మలు ఒక మందుల దుకాణం అద్దాల వెనక పెట్టి ఉండగా ఒకాయన చూసి అన్నీ కొన్నాడు. 1940లో న్యూయార్క్‌లో ఆమె బొమ్మలను ప్రదర్శించారు. అప్పటికి ఆమెకు ఎనభై. నూటొక్క ఏళ్ళు బతికింది. చివరిదాకా గీసింది.

రంగులు ఇంట్లోనే

రంగుల డబ్బా కొనడానికి డబ్బు లేదనే మాట నిజమే కావచ్చు. కానీ మొదలు పెట్టడానికి అది అడ్డు కాదు.

నలుపుకు బొగ్గు, దీపం మసి. ఎరుపుకు జాజు. తెలుపుకు సుద్ద. పసుపుకు పసుపే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, ఇది పారాణి పెట్టుకునే వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎండాకాలం ముందు మోదుగు పూలు పూస్తాయి. వాటిని నీళ్ళలో కాస్తే నారింజ రంగు వస్తుంది. హోలీకి పిల్లలు చల్లుకునేది అదే.

అన్నీ ఒక్క తీరుగ నిలవవు. జాజు మట్టి రంగు. బొగ్గు బొగ్గే. ఇవి ఏళ్ళ తరబడి ఉంటాయి. పసుపు, పూల రంగులు ఎండకు వెలిసిపోతాయి. కాబట్టి పసుపుతో వేసిన బొమ్మను ఎండ తగిలే గోడకు పెట్టవద్దు.

ఉత్త జాజు నీళ్ళలో కలిపి కాగితం మీద పూస్తే ఆరాక పొడి రాలుతుంది. దానికి జిగురు కావాలి. తుమ్మ జిగురు రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున గుడ్డలో వడకట్టి రంగులో కలపాలి. ఎంత కలపాలి? వేసి చూడాలి. ఆరిన రంగును వేలితో రుద్దండి. వేలికి అంటితే జిగురు చాలలేదు. రంగు పెళుసుబారి పగిలితే జిగురు ఎక్కువైంది. రెండు మూడు సార్లకు పాళ్ళు తెలిసిపోతాయి. కూరలో ఉప్పు ఎవరు కొలిచి వేస్తారు?

సిద్దిపేట జిల్లాలో చేర్యాల అనే ఊరు ఉంది. అక్కడి నకాషీ కుటుంబాల వారు పొడుగాటి బట్ట మీద కథల బొమ్మలు గీస్తారు. ఊరూరా కథ చెప్పేవాళ్ళు ఆ బట్టను విప్పుతూ కథ చెప్పేవారు. బొమ్మ గీయడానికి ముందు వాళ్ళు బట్టను సిద్ధం చేస్తారు. గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి బట్టకు పూత మీద పూత పూస్తారు. ఆరాక అది అట్టలాగా గట్టిపడుతుంది. రంగు పీల్చుకోదు. ఈ పని ఏ ఇంట్లోనైనా చేయవచ్చు. పాత నూలు చీర ముక్క, చింతగింజలు, సుద్ద. గింజలను నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నీళ్ళు పోసి ఉడకబెడితే జిగురు తయారవుతుంది. పాలిస్టరు చీర ముక్క పనికిరాదు. అది పూత పట్టదు.

కుంచెకు ఈత పుల్ల. కొసను నలగ్గొట్టి దంచితే పీచు విచ్చుకుంటుంది. అదే కుంచె. సన్న గీతకు సన్న పుల్ల. వెడల్పు పూతకు పుల్లకు గుడ్డ చుట్టాలి.

ఒక హెచ్చరిక. దుకాణంలో కొన్న రంగులు తాకిన కుంచెను నోట్లో పెట్టుకోవద్దు. రంగు చేత్తో పిల్లలకు అన్నం కలపవద్దు. కొన్ని రంగుల్లో విషం ఉంటుంది.

కోడి బాతు అయింది

ముగ్గులో చెయ్యి తిరిగిన ఆమె కాగితం మీద మొదటిసారి కోడిని గీస్తుంది. చూస్తే అది బాతులాగా ఉంటుంది. పిల్లలు నవ్వుతారు. ఆమె కాగితం నలిపి పొయ్యిలో వేస్తుంది. చాలామంది ప్రయాణం ఇక్కడే ఆగిపోతుంది.

ఎందుకట్లా అయింది? ముగ్గులో నెమలి ఎట్లా వేయాలో చేతికి తెలుసు. అమ్మ వేసింది, బిడ్డ వేసింది. అక్కడ నిజం నెమలిని చూసే పని లేదు. కాగితం మీద కోడిని గీయాలంటే కోడిని చూడాలి. రోజూ గింజలు చల్లే కోడే. అయినా ఆమె దాన్ని ఎన్నడూ బొమ్మ గీసేందుకు చూడలేదు. కోడి కాలు ఎక్కడ వంగుతుంది? ముందుకా, వెనక్కా? తోక పైకి ఉంటుందా, కిందికా? నడిచేటప్పుడు మెడ ఏం చేస్తుంది? ఇప్పుడు లేచి వెళ్ళి చూస్తే సగం బాతు పోతుంది.

ఒకే కోడిని నెల రోజులు గీయడం మేలు. పది రకాల బొమ్మలు ఒక్కోసారి గీసేకంటే ఒక్క బొమ్మను పదిసార్లు గీస్తే చెయ్యి తొందరగా తిరుగుతుంది. పాడైన బొమ్మను కాల్చవద్దు. దాని వెనక తేదీ వేసి డబ్బాలో పెట్టాలి. మూడు నెలల తర్వాత అదే ధైర్యం ఇస్తుంది.

చిన్న బొమ్మను పెద్దగా గోడ మీద వేయాలంటే చుక్కల ముగ్గు పద్ధతే పనికి వస్తుంది. చిన్న బొమ్మ మీద అడ్డం నాలుగు, నిలువు నాలుగు గడులు గీయాలి. 4 × 4 = 16 గడులు. గోడ మీద కూడా 16 గడులు, కానీ పెద్దవి. చిన్న గడిలో ఏ గీత ఎక్కడ నుంచి ఎక్కడికి పోయిందో, పెద్ద గడిలో కూడా అట్లాగే పోవాలి. అంగన్‌వాడీ గోడ మీద పెద్ద ఏనుగు ఇట్లానే వస్తుంది.

ఎవరి చూపు?

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఉంది. కంగ్టి జిల్లాలోనే. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న దళిత ఆడవాళ్ళు 1990ల చివర వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చాలామందికి చదువు రాదు. పొద్దంతా చేనులో పని. వాళ్ళు గీసింది రంగుల బొమ్మలు కాదు, తీసింది సినిమాలు. తమ పంటల మీద, తమ విత్తనాల మీద. అయినా వాళ్ళు చెప్పిన ఒక మాట బొమ్మలు గీసేవాళ్ళకు ఎంతో పనికి వస్తుంది.

కెమెరాను పైన పెట్టి కిందికి చూస్తూ తీస్తే దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. పటేలు గద్దె మీద కూర్చుని కింద ఉన్న వాళ్ళను అట్లాగే చూస్తాడు గనుక. నేల మీద నుంచి పైకి చూస్తూ తీస్తే అది జీతగాని చూపు. కెమెరాను కంటికి సమంగా పెట్టి తీస్తే అది సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద సమంగా కూర్చుంటారు గనుక.

నాట్లు వేసే ఆడవాళ్ళ బొమ్మలు క్యాలెండర్ల మీద చాలా ఉంటాయి. అందరూ నవ్వుతూ ఉంటారు. చీరలు మడత నలగవు. అవి గట్టు మీద నిలబడ్డవాడు చూసిన బొమ్మలు. మడిలో వంగినామె తన పక్కనామెను చూస్తే ఏం కనిపిస్తుంది? బురద కాళ్ళు, నడుముకు దోపిన కొంగు, చెమట. ఆ బొమ్మ ఇంకా ఎవరూ గీయలేదు. గీయగలిగింది ఆమె ఒక్కతే.

"కడుపు నిండుతదా?"

ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అత్త అనవచ్చు.

"బొమ్మలు గీస్తే కడుపు నిండుతదా?"

"నిండదత్తా. రొట్టెలు కొట్టిన్నంకనే గీస్తున్న."

"మరెందుకు?"

"నువ్వు పొద్దుమూకినంక బతుకమ్మ పాటలు పాడుకుంటవు గద. దానికేం కడుపు నిండుతది?"

అత్త కాసేపు ఊరుకుంటుంది. తర్వాత, "ఆ ఎద్దుకు కొమ్ములు గట్ల ఉంటయా? గిట్ల ఉంటయి" అని వేలితో గాలిలో గీసి చూపిస్తుంది. పెద్దవాళ్ళ చేతిలో కూడా బొమ్మ ఉంటుంది. అడిగినవాళ్ళు లేరంతే.

బొమ్మను అమ్మాలా? అమ్ముడుపోతే మంచిదే. కానీ మొదటి రోజు నుంచే అమ్మకం గురించి ఆలోచిస్తే చెయ్యి వణుకుతుంది. దులారీ దేవికి, జోధయ్యా బాయికి బిరుదులు వచ్చాయి. అట్లా గీసిన అందరికీ రావు. గీసిన బొమ్మ ఇంటి గోడ మీద ఉండవచ్చు. ఆడపడుచు పెళ్ళికి కానుకగా ఇవ్వవచ్చు. బడి గోడకు పెట్టవచ్చు. ఎవరైనా వచ్చి, "ముందు ఇంత ఫీజు కట్టండి, బొమ్మలు మేమే కొంటాం" అంటే ఒక్కరే కూర్చుని సంతకం పెట్టవద్దు. సంఘంలో పెట్టి, కాగితం మొత్తం చదివించి, ఆలోచించాలి.

దాచుకోవడం

కాగితానికి శత్రువులు ముగ్గురు. చెద, తడి, ఎండ. బొమ్మలను చుట్ట చుట్టవద్దు. విప్పినప్పుడు రంగు పగులుతుంది. రెండు అట్టల నడుమ పరిచి, గుడ్డలో కట్టి, పెట్టెలో పెట్టాలి. ఎండిన వేపాకు నాలుగు రెమ్మలు వేయాలి. వానాకాలం పోయాక ఒకసారి నీడలో ఆరబెట్టాలి. పెట్టెను నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టాలి.

చేయండి – రాయండి

1. రేపు మీ వాకిట్లో వేసే ముగ్గునే కాగితం మీద పెన్సిలుతో గీయండి. కింద కుడి మూలన మీ పేరు, ఊరి పేరు, తేదీ రాయండి.

2. అయిదు చుక్కల ముగ్గు నడుమ వరుసలో 5, పైన కింద 4, 3 చుక్కలు. మొత్తం ఎన్ని?

3. మీరు పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా చేసే పనులు వరుసగా రాయండి. ప్రతి పని పక్కన ఎంత సేపు పడుతుందో వేయండి. ఏ పనిని ఇంట్లో ఇంకెవరు చేయగలరో, ఆ పని పక్కన వాళ్ళ పేరు రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లో అందరి ముందు చదవండి.

4. మీ ఇంటి కోడినో, మేకనో, ఎద్దునో పది నిమిషాలు చూడండి. చూశాక గీయండి. మళ్ళీ వెళ్ళి చూడండి. మళ్ళీ గీయండి. మొదటి బొమ్మకూ రెండో బొమ్మకూ ఏం మారిందో రెండు వాక్యాల్లో రాయండి.